ఘరానా దొంగగారు

తెలుగులో దొంగ గురించి ఒక్క వాక్యం రాయాలన్నా ముందు వాడి బట్టలు చూసుకోవాలి. గళ్ళ లుంగీ అయితే ‘ఎత్తుకెళ్ళాడు’. ఇస్త్రీ చొక్కా అయితే ‘కాజేశాడని తెలుస్తోంది’. సూటూ బూటూ అయితే ‘ఆయనపై ఆరోపణలు వచ్చాయి’. క్రియ చివర ‘డు’ పెట్టాలా ‘రు’ పెట్టాలా అన్నది తేలందే మన దగ్గర వార్త అచ్చు కాదు. ఇంగ్లీషుకి ఈ తలనొప్పి లేదు. దొంగకీ దొరకీ ఒకటే క్రియ. మరి ఆ భాషవాళ్ళు దొంగలకి మర్యాద ఎలా చేస్తారు పాపం అని బెంగపడక్కర్లేదు. సినిమాలు తీసి చేస్తారు. అలా చేసిన మర్యాదల్లోకెల్లా ముచ్చటైనది 1963 నాటి ‘ది పింక్ పాంథర్’.

ఈ సినిమా చూడనివాళ్ళకి కూడా హెన్రీ మాన్సినీ కట్టిన ఆ పిల్లినడక బాణీ తెలుసు. అర్ధరాత్రి చప్పుడు కాకుండా ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడు నోట్లోకి దానంతటదే వస్తుంది. టైటిల్స్‌లో ఒళ్ళు విరుచుకుంటూ తిరిగే గులాబీరంగు చిరుతా తెలుసు. పింక్ పాంథర్ అంటే ఆ బొమ్మేనని చాలామంది అనుకుంటారు. కాదు, అది వజ్రం పేరు. వజ్రం లోపల ఒక మచ్చ ఉంటుంది, అది దూకబోతున్న చిరుతలా కనిపిస్తుంది. లోపం ఉన్న రాయికి అంత విలువ ఏమిటని అడక్కండి. పెద్దవాళ్ళ లోపాల్ని ప్రత్యేకతలంటారు.

ఈ సినిమాని మొన్న మా మేనమామ పక్కన కూర్చుని మళ్ళీ చూశాను. ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. పోలీసుల మీద హాస్యం అంటే నవ్వుతాడేమోనని పెట్టాను. మొదటి అరగంటలో ఆయన ముఖం పంచనామా రాస్తున్నట్టే ఉంది.

కథ ఇదీ. సర్ చార్లెస్ లిట్టన్ గారు ఇంగ్లండులో బిరుదున్న పెద్దమనిషి. మీసకట్టు ఉన్నవారు, మాట తూకం ఉన్నవారు. ఆ వేషం వేసింది డేవిడ్ నివెన్ కనక సూటు నలగనివారు కూడా. వారి వృత్తి నగలు తస్కరించడం. ‘ఫాంటమ్’ అనే పేరుతో తస్కరిస్తారు. తస్కరించిన చోట ‘పి’ అక్షరం కుట్టిన తెల్ల గ్లౌజు ఒకటి వదిలి వెళతారు. ఇటలీలో మంచుకొండల మధ్య ఉన్న కోర్టీనా అనే విహారస్థలానికి డాలా రాకుమారి వస్తే, ఆమె వజ్రం కోసం వారూ వేంచేస్తారు. రాకుమారితో పరిచయం ఎలా కావాలి? ఒక మనిషిని పురమాయించి ఆమె కుక్కపిల్లని ఎత్తుకుపోయేలా చేస్తారు. తర్వాత తామే దాని వెంట పడి, కాలికి దెబ్బ తగిలినట్టు నటించి, సానుభూతి సంపాదిస్తారు. లుంగీ కట్టినవాడు ఈ పని చేస్తే కుక్కల దొంగ అంటాం. లిట్టన్ గారు చేస్తే రొమాన్స్.

“ఏరా అల్లుడూ, ప్రతిచోటా ఆ గ్లౌజు పడేసిపోతున్నాడా?” అన్నాడు మావయ్య.

“అవును మావయ్యా, అదొక స్టైలు.”

“స్టైలేంట్రా. ఆ గ్లౌజు తీసుకెళ్ళి డాగ్ స్క్వాడ్‌కి వాసన చూపిస్తే పది నిమిషాల్లో సినిమా అయిపోద్ది.”

అయిపోవాలి నిజానికి. కాని ఫాంటమ్ వెంట పడింది మావయ్య కాదు, ఫ్రెంచి పోలీసు ఇన్‌స్పెక్టర్ జాక్ క్లూసో. వేషం పీటర్ సెల్లర్స్. మనకి తెర మీద క్లూసో మొదట కనిపించేది పారిస్‌లో తన ఆఫీసులో. దొంగ ఆచూకీ గురించి గంభీరంగా మాట్లాడుతూ పక్కనున్న పెద్ద గ్లోబుని గిర్రున తిప్పుతాడు. తిరుగుతున్న గ్లోబు మీద, ఆలోచనాపరుడిలా, చెయ్యి ఆనిస్తాడు. గ్లోబు ఆగదు కదా. మనిషి నేల మీద. లేచి, కోటు సర్దుకుని, ఏమీ జరగనట్టు మాట కొనసాగిస్తాడు. సెల్లర్స్ గొప్పంతా ఆ కోటు సర్దుకోవడంలో ఉంది. పడ్డం ఎవరైనా పడతారు. పడలేదని ఎదుటివాళ్ళని నమ్మించబోవడం, అందులోనూ తనే ముందు నమ్మడం, అదీ నటన. తర్వాత తలుపుల్ని గుద్దుకుంటాడు, నేల మీద పెట్టిన తన వయొలిన్ మీద తనే కాలేసి ఫటేల్మనిపిస్తాడు. మనం పొట్ట పట్టుకుని నవ్వుతాం. నేనూ నవ్వాను. గమనించారో లేదో, ఈ పేరా మొదలైనప్పట్నుంచి ‘తిప్పుతాడు’, ‘ఆనిస్తాడు’, ‘గుద్దుకుంటాడు’. పై పేరాలో దొంగగారికి పెట్టిన ‘వారు’ ఇక్కడ పోలీసుకి ఇవ్వాలని నాకూ తోచలేదు.

ఇప్పుడు అసలు సంగతి. తెలివితక్కువ డిటెక్టివ్‌కి ఉదాహరణ అడిగితే లోకమంతా క్లూసో పేరు చెబుతుంది. ఆయన కేసు ఫైలు ఎవరైనా చదివారా? ఫాంటమ్ లిట్టనేనని చివరికి కనిపెట్టింది క్లూసో. రోములో రాకుమారి ఇచ్చిన మారువేషాల విందులో ఇనప కవచం తొడుక్కుని కాపలా కాసింది క్లూసో. ఆ విందులో లిట్టన్ గారూ, వారింటి కుర్రాడు జార్జీ ఒకరికి తెలియకుండా ఒకరు గొరిల్లా వేషాలేసుకుని, ఒకే ఇనప్పెట్టె మీద చెరో పక్కనుంచి పడతారు. పెట్టె తెరిస్తే లోపల ఖాళీ. అక్కణ్ణుంచి కార్ల పరుగు. నిద్రపోతున్న ఒక చిన్న కూడలిలో, రోడ్డు దాటుతున్న ఒక ముసలాయన. అటు గొరిల్లాల కార్లు, ఇటు పోలీసులు, ఆ సందులోంచి ఈ సందులోకి. ముసలాయన కాసేపు చూసి, ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని వేసుకుని కూర్చుంటాడు. సినిమా మొత్తం మీద తెలివైన ప్రేక్షకుడు ఆయనొక్కడే. ఆ పరుగు చివర కార్లన్నీ గుద్దుకుంటాయి, గొరిల్లాలిద్దరూ దొరుకుతారు, కోర్టుకి వెళతారు. అంటే డిటెక్టివ్ పట్టుకున్నది అసలు దొంగనే! సర్వీసులో ఇంతకంటే ఏం చెయ్యాలి? పడకుండా పట్టుకోవాలా?

తప్పు ఎక్కడ జరిగిందంటే ఇంట్లో. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, క్లూసో ఏ మూల? ఆయన భార్య సిమోన్, కాపుసీన్ వేసిన పాత్ర, ఫాంటమ్‌కి నగల వ్యాపారంలో భాగస్వామి. ప్రేమలోనూ భాగస్వామి. మొగుడు ఒక తలుపులోంచి వస్తుంటే లిట్టన్ గారు మంచం కిందకి, జార్జి స్నానాలగదిలోకి. క్లూసో మాత్రం భార్యకి చలేస్తోందేమో, నిద్ర పట్టలేదేమో అని కంగారుపడుతూ గదిలో అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఆ పడగ్గది తమాషా మీద విమర్శకులు చాలా సిరా ఖర్చు చేశారు, టైమింగ్ అద్భుతమన్నారు. అద్భుతమే. ఆ గదిలో భార్యని నిజంగా ప్రేమించే మనిషి ఒక్కడే ఉన్నాడు, నవ్వంతా ఆయన మీదే.

మావయ్య మొదటిసారి సోఫాలో ముందుకి జరిగింది కోర్టు సీనులో. బోనులో ఉన్నది సాక్షిగా క్లూసో, ప్రశ్నలడిగేది దొంగల తరఫు వకీలు. తమరి జీతమెంత? ఫలానా. తమరి శ్రీమతిగారి మింక్ కోటు ఖరీదెంత? ఆమె ఇంటిఖర్చులో పొదుపు చేసిందని క్లూసో నమ్మకం. అంటే మన లెక్కలో, పోపులడబ్బాలో దాచిన చిల్లరతో ఆవిడ మింక్ కోటు కొనుక్కుంది. కోర్టు గొల్లుమంటుంది. చెమటలు పట్టి క్లూసో జేబురుమాలు తీస్తాడు. రుమాలుతో పాటు, దానికి వేలాడుతూ, పింక్ పాంథర్ బయటకొస్తుంది.

ఆ ఒక్క క్షణం సెల్లర్స్ కళ్ళు చూడాలి. దొరికిపోయిన దొంగ కళ్ళు కావవి. తన జేబులో తనకి తెలియని వస్తువు చూసిన మనిషి కళ్ళు. తర్వాత మూర్ఛ. వజ్రాన్ని అసలు దాచిపెట్టింది రాకుమారే. దాన్ని తెచ్చి క్లూసో జేబులో పడేలా చేసింది ఆమే, సిమోనే కలిసి, లిట్టన్ గారిని కాపాడుకోవడానికి. దొంగలు బయటికి, పోలీసు లోపలికి. మళ్ళీ ఎక్కడైనా ఫాంటమ్ దొంగతనం జరిగితే క్లూసో నిర్దోషి అని తేలిపోతుంది లెమ్మని లిట్టన్ గారు తరువాతి ప్రయాణానికి బయల్దేరతారు. ఎంత దయ! నిన్ను విడిపించడానికైనా ఇంకో ఇల్లు దోచక తప్పదు నాయనా అన్నమాట.

“ఆ కోటు ఎక్కడిదే అని మొదటిరోజే అడిగుండాల్సింది” అన్నాడు మావయ్య. అంతే. నవ్వలేదు.

ఇక్కడితో ఆపినా సరిపోయేది, కాని దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్స్ ఇంకొక్క సూది గుచ్చాడు, సినిమా మొత్తానికి నిజం అదొక్కటే. బేడీలతో బయటికొచ్చిన క్లూసో మీద ఆడవాళ్ళు విరగబడతారు. ఫాంటమ్ ఇతనేనట! నిన్నటిదాకా పోలీసుగా ఉన్నప్పుడు పెళ్ళామే పట్టించుకోని మనిషి, దొంగ అనగానే సినిమాస్టార్. పక్కన కూర్చున్న పోలీసులు కూడా అసూయగా అడుగుతారు, ఇన్ని దొంగతనాలు ఎలా చేశారు సార్ అని. క్లూసో ఒక్క క్షణం ఆలోచిస్తాడు. కాదు, నేను నిర్దోషిని అనడు. ఏమంత తేలిక కాదోయ్ అన్నట్టు ఒప్పేసుకుంటాడు. జీవితంలో మొదటిసారి ఎవరో ‘రు’ పెట్టి పిలిచారు, వదులుకోవడానికి మనసెలా వస్తుంది?

మన పత్రికల్లో ‘ఘరానా దొంగ’ అనే మాట ఉంది. రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ ఆరితేరిన దొంగ అని అర్థం. ఘరానా అంటే అసలు అర్థం మంచి ఇంటివాడు, వంశం ఉన్నవాడు. ఎవరో పేరులేని విలేకరి, ఎప్పుడో తెలియక వాడినా, ఇంత కచ్చితమైన మాట ఇంగ్లీషులో లేదు. అక్కడ ‘జెంటిల్మన్ థీఫ్’ అంటారు, కాస్త సిగ్గుపడుతూ. మావయ్య చెప్పే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది: “స్టేషన్లో కుర్చీ ఎవరికి వేశారో చూడరా. కేసు ఏమవుద్దో అప్పుడే చెప్పెయ్యొచ్చు.”

ఈ కుర్చీ రాజకీయం తెర బయట కూడా నడిచింది. క్లూసో పాత్రకి మొదట కుదిరిన నటుడు సెల్లర్స్ కాదు, పీటర్ ఉస్తినోవ్. ఆయన ఆఖరి నిమిషంలో తప్పుకుంటే సెల్లర్స్ వచ్చాడు. తప్పుకున్న ఉస్తినోవ్ ఆ మరుసటి ఏడాదే ‘టోప్‌కపి’ అనే ఇంకో నగల దొంగతనం సినిమా చేశాడు, ఈసారి దొంగల జట్టులో. దానికి ఉత్తమ సహాయనటుడిగా ఆస్కార్ వచ్చింది. పోలీసు వేషం వేసి, పోస్టరు మీద అగ్రతాంబూలం అందుకున్న నివెన్ చేతిలోంచి సినిమానే లాగేసుకున్న సెల్లర్స్‌కి ఈ వేషానికి ఆస్కార్ నామినేషన్ కూడా లేదు. పోలీసు చొక్కా విప్పి దొంగ వైపు దూకినవాడికి ఇంత తొందరగా ప్రమోషన్ వచ్చిన దాఖలా మా మావయ్య సర్వీసులో కూడా లేదు.

తర్వాత కథ అందరూ ఎరిగిందే. క్లూసో జైల్లో ఉన్నాడన్న సంగతి నిర్మాతలు మర్చిపోయారు, 1964లోనే ‘ఎ షాట్ ఇన్ ది డార్క్’లో ఉద్యోగంలోకి తీసుకున్నారు. అక్కణ్ణుంచి వరస సినిమాలు. 1980లో సెల్లర్స్ చనిపోయాడు. చనిపోయినవాణ్ణి కూడా వదల్లేదు. పాత సినిమాల్లో కోసి పారేసిన ముక్కలు ఏరి 1982లో ఇంకో సినిమా అతికించారు. సెల్లర్స్ భార్య కోర్టుకెక్కి గెలిచింది. ఈ మొత్తం వరసలో అసలైన దొంగతనం ఇదే, గ్లౌజు మాత్రం దొరకలేదు. ఇలాంటి డిటెక్టివ్‌తోనే మన జంధ్యాల 1986లో ‘చంటబ్బాయి’ తీశాడు. అక్కడా డిటెక్టివ్‌ని చూసి కడుపుబ్బ నవ్వుతాం. కాని జంధ్యాల తన డిటెక్టివ్‌ని జైలు బండెక్కించి శుభం కార్డు వేయలేదు. గోదావరి నీళ్ళు తాగినవాడికి ఆ మాత్రం జాలి ఉంటుంది.

రాకుమారి సంగతి చెప్పకుండా ఎలా? డాలాది లుగాష్ అనే దేశం. మ్యాపులో ఉండదు. ‘తూర్పున ఎక్కడో’ అంటే ఇంగ్లీషు సినిమాకి చాలు. ట్యూనిస్‌లో పుట్టిన ఇటలీ నటి క్లాడియా కార్డినాల్ ఆమెగా నటించింది, గొంతు మాత్రం ఇంకొకరిది. చిన్నప్పుడు తండ్రి ఆ వజ్రం ఆమెకిచ్చాడు. తర్వాత దేశంలో తిరుగుబాటు, ఆమె యూరప్‌కి ప్రవాసం. వజ్రం ప్రజలది, తిరిగివ్వమని కొత్త ప్రభుత్వం అడుగుతుంది. ఇవ్వనంటుంది. సినిమాలో ఈ విషయం రెండు ముక్కల్లో వచ్చి వెళ్ళిపోతుంది. అంతకుమించి ఆగితే, వజ్రాన్ని దొంగిలించింది ఎవరు అన్న ప్రశ్న ఫాంటమ్ దగ్గర ఆగదు.

ఇది చూస్తుంటే మనకి ఇంకో రాకుమారి గుర్తు రావాలి. పిఠాపురం రాజా వారి కూతురు సీతాదేవి. ఉయ్యూరు జమీందారు ఇంటికి కోడలై, ఆ పెళ్ళి రద్దు చేసుకుని, 1943లో బరోడా మహారాజు ప్రతాప్‌సింగ్ గైక్వాడ్‌ని చేసుకుంది. తర్వాత మకాం మాంటీ కార్లో. బరోడా సంస్థానం భారతదేశంలో కలిసింది, 1951లో రాజుగారి రాజరికం పోయింది, ఖజానాలో నగలేవని ప్రభుత్వం లెక్కలడిగింది. నగలు అప్పటికే సముద్రాలు దాటాయి. బరోడా ముత్యాల తివాచీ మొనాకోలో తేలింది. సీతాదేవి అమ్మిన కాలి కడియాల పచ్చల్ని కంఠహారంగా మార్చి డచెస్ ఆఫ్ విండ్సర్‌కి అమ్మారనీ, ఒక విందులో ఆ హారాన్ని అందరూ పొగుడుతుంటే సీతాదేవి, అవి నా పాదాలకి కూడా బాగానే ఉండేవందనీ, డచెస్ సిగ్గుతో హారం తిరిగిచ్చేసిందనీ చెప్పుకుంటారు. ఆ కథ చెప్పేటప్పుడు ఎవరి ముఖంలోనైనా చూడండి, ఒక మెరుపు. మన పిఠాపురం ఆడపడుచు ఇంగ్లీషు డచెస్‌కి కాలి కింద చోటిచ్చిందని. కడియాలు ఎవరి ఖజానావని అడిగినవాణ్ణి రసభంగం చేశాడంటారు. 1960లో సోథబీస్ వేలంలో గోల్కొండ గులాబీ వజ్రం ఒకటి, నిజాముల దగ్గర ఉన్నదే, 46,000 పౌండ్లకి అమ్ముడుపోయింది. దానికి సీతాదేవి కొడుకు ముద్దుపేరు పెట్టారు, ‘ప్రిన్సీ’ అని. మూడేళ్ళ తర్వాత గులాబీ వజ్రం సినిమా వచ్చింది. దీన్నుంచి అది పుట్టిందని నేననను. తూర్పు గులాబీ వజ్రం, యూరప్ విందులు, ప్రవాసపు రాణి, లెక్కలడిగే కొత్త ప్రభుత్వం: అప్పటికి అది కథ కాదు, కాలక్షేపం పత్రికల్లో వారంవారం వచ్చే సరుకు.

మరి దొంగలో? సినిమా పేరు వాళ్ళకీ నచ్చింది. 2003లో లండన్‌లోని గ్రాఫ్ నగల దుకాణం దోపిడీ అయ్యాక, కొట్టేసిన నీలివజ్రం ఉంగరం ముఖానికి రాసుకునే క్రీము డబ్బాలో దొరికింది. అచ్చం 1975 నాటి ‘రిటర్న్ ఆఫ్ ది పింక్ పాంథర్’లో లాగా. దాంతో బాల్కన్ దేశాల నుంచి వచ్చిన ఆ ముఠాకి ‘పింక్ పాంథర్స్’ అని పేరు పడింది. ఇంటర్‌పోల్ కూడా ముచ్చటపడి వాళ్ళని పట్టుకునే ప్రాజెక్టుకి అదే పేరు పెట్టుకుంది. గ్లోబు మీద చెయ్యి ఆనించడం అంటే ఇదే.

2025 అక్టోబరు 19, ఆదివారం పొద్దున్న, పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం. నలుగురు. సామాన్లు మేడ మీదికెక్కించే నిచ్చెన లారీ ఒకటి గోడకి చేరేశారు. కూలీలు వేసుకునే పసుపుపచ్చ జాకెట్లు తొడుక్కున్నారు. అపోలో హాలు కిటికీ కోసి, అద్దాలపెట్టెలు కోసి, ఎనిమిది నగలు తీసుకుని స్కూటర్లెక్కి వెళ్ళిపోయారు. ఎనిమిది నిమిషాలు పట్టలేదు. సరుకు విలువ 8.8 కోట్ల యూరోలు. కంగారులో యూజెనీ మహారాణి కిరీటం జారవిడిచారు. అటువైపు బయటి కెమెరా ఉన్న మాట నిజమే కాని అది వేరే దిక్కు చూస్తోందని మ్యూజియం అధిపతే సెనేట్‌లో చెప్పారు. 2014లో జరిగిన తనిఖీలో వీడియో వ్యవస్థ పాస్‌వర్డ్ ‘లూవ్ర్’ అని తేలిందని ఫ్రెంచి పత్రికలు రాశాయి. క్లూసో ఉద్యోగంలో ఉంటే కనీసం స్పెల్లింగు తప్పు రాసేవాడు, దొంగలకి దొరికేది కాదు.

నిందితులు దొరికారు. వీళ్ళు పెద్ద ముఠా కాదు, పారిస్ శివార్లలోని చిన్నపాటి నేరస్థుల్లా ఉన్నారని ప్రాసిక్యూటర్ చెప్పారు. ఎక్కడలేని నిరాశ. కథల్లో ఘరానా దొంగ ఆర్సెన్ లూపిన్ పుట్టిన దేశంలో, తెల్ల గ్లౌజు లేదు, మీసకట్టు లేదు, పచ్చ జాకెట్టా? పోలీసులు కాపలా కాస్తున్న చోట ఒక ఫోటో తీస్తే, అందులో ఓరగా టోపీ పెట్టుకుని, పాతకాలపు సూటూ వెయిస్ట్‌కోటూ వేసుకున్న ఒకాయన కనిపించాడు. లోకమంతా ఊగిపోయింది: అదిగో డిటెక్టివ్! తీరా చూస్తే మ్యూజియం చూద్దామని వచ్చిన పదిహేనేళ్ళ కుర్రాడు. కేసుకీ అతనికీ ఏ సంబంధమూ లేదు. బట్టలు చూసి దొంగకి మార్కులు తగ్గించారు, బట్టలు చూసి దారినపోయే పిల్లాడికి ఉద్యోగమిచ్చారు.

ఆ నలుగురూ ముట్టుకోని వస్తువు ఒకటి అదే హాల్లో ఉంది. రీజెంట్ వజ్రం, 140 కారట్లు. మనదే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 1698లో దొరికిందంటారు. దొరికిన కూలీ తొడ మీదో పిక్క మీదో గాయం చేసుకుని, కట్టు కింద రాయి దాచి తీరానికి పరిగెత్తాడనీ, సగం వాటా ఇస్తానంటే ఓడెక్కించుకున్న ఇంగ్లీషు కెప్టెన్ రాయి లాక్కుని అతన్ని సముద్రంలోకి తోసేశాడనీ కథ. కథో నిజమో, తర్వాతిది మాత్రం లెక్కల్లో ఉంది. 1702లో మద్రాసు సెయింట్ జార్జి కోట గవర్నర్ థామస్ పిట్ ఆ రాయిని ఒక వ్యాపారి దగ్గర 48,000 పగోడాలకి కొన్నాడు. సుమారు ఇరవైవేల పౌండ్లు. కొడుకు బూటు మడమలో పెట్టి లండన్ పంపాడని చెబుతారు. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి లక్షా ముప్పై అయిదు వేల పౌండ్లకి అమ్మాడు. ఎలా వచ్చిందయ్యా నీకు అని లోకం గుసగుసలాడితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, న్యాయంగానే కొన్నానని ఒక వాంగ్మూలం రాసిపెట్టాడు. ఆ డబ్బుతో పెరిగిన ఇంట్లోంచి మనవడొకరు, మునిమనవడొకరు ఇంగ్లండుకి ప్రధానమంత్రులయ్యారు. చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు ‘డైమండ్ పిట్’. ఇంతకంటే పెద్ద కుర్చీ ఏ స్టేషన్లో వేస్తారు?

కాలు కోసుకున్నవాడి పేరు ఎక్కడా లేదు. అతని కథ చెప్పే ప్రతి పుస్తకమూ మొదట వాడే మాట మాత్రం ఉంది: ‘దొంగిలించాడు’. కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. అక్కడ పంచనామా రాయడానికి కూడా చోటు లేదు.

సినిమా అయిపోయాక మావయ్య రిమోట్ బల్ల మీద పెట్టి, “పాపం, ఆయన్ని వదిలేశారా లేదా?” అన్నాడు. ఎవర్ని మావయ్యా అంటే, “అదేరా, ఆ ఇన్‌స్పెక్టరు గారిని” అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ సినిమా చూస్తున్నాను, క్లూసోకి ‘గారు’ తగిలించిన మనిషిని అదే మొదటిసారి చూడటం. ఈసారి మీరు చూసినప్పుడు ఎలాగూ నవ్వుతారు, నవ్వండి. సినిమా కథ పిల్లలకి చెప్పేటప్పుడు మాత్రం క్లూసో గారు పడ్డారు అనండి, లిట్టన్ ఎత్తుకెళ్ళాడు అనండి.